ఉంగరం నచ్చింది, రాయి ఎక్కడిదో మాత్రం చెప్పలేకపోయారు

"మావన్నీ కింబర్లీ సర్టిఫైడ్ సార్" అన్నారు నగల షాపు మేనేజరు, వజ్రం ఏ దేశానిదని అడిగితే. కింబర్లీ అంటే తిరుగుబాటు దళాలకు డబ్బు చేరే వజ్రాలను ఆపడానికి దేశాలు పెట్టుకున్న సర్టిఫికెట్ పద్ధతి. ఈ ఒక్క మాట కోసమే ఈ రివ్యూ రాస్తున్నా.

చెల్లి పెళ్ళికి వజ్రపు ఉంగరం కొందామని పోయిన నెల హైదరాబాద్‌లో ఒక పెద్ద నగల షాపుకి వెళ్ళాం. పేరు రాయట్లేదు. పనితనం బాగుంది, మర్యాదగా చూశారు, 40 సెంట్ల (0.40 క్యారెట్ల) రాయికి జీఐఏ, అంటే వజ్రాలను పరీక్షించి గ్రేడు ఇచ్చే ల్యాబు, ఇచ్చిన రిపోర్టు కూడా ఉంది, రాయి అంచున లేజర్‌తో చెక్కిన నంబరుని లూప్ అనే చిన్న భూతద్దంలో చూపించి రిపోర్టులోని నంబరుతో సరిపోల్చారు కూడా. కానీ ఏ దేశపు గనిదని అడిగితే సేల్స్ అబ్బాయి మళ్ళీ అదే రిపోర్టు చూపించాడు. అందులో బరువు, రంగు, క్లారిటీ, కట్ ఉన్నాయి. దేశం పేరు లేదు.

అప్పుడొచ్చింది ఆ కింబర్లీ మాట. ఆ సర్టిఫికెట్ సాన పట్టని ముడి రాళ్ళకే, అదీ రాయి రాయికీ కాదు, దేశం దాటే పార్సిల్ మొత్తానికి. వేర్వేరు దేశాల రాళ్ళు కలిపేసిన పార్సిల్‌కి మిశ్రమ మూలం అని రాసినా చెల్లుతుంది. సూరత్‌లో సాన పట్టాక ఇక మిగిలేది బిల్లు మీద అమ్మేవాళ్ళు రాసే హామీ ఒక్కటే. కెంపు, పచ్చ అయితే లోపలున్న ఇతర మూలకాలను బట్టి ఏ ప్రాంతానిదో ల్యాబులు చాలావరకు చెప్తాయి, వజ్రం దాదాపు అంతా కార్బనే కాబట్టి సాన పట్టిన రాయిని చూసి గని పేరు చెప్పే నమ్మకమైన పరీక్ష లేదు. జీఐఏ ఒరిజిన్ రిపోర్టు అని ఒకటి ఇస్తుంది, దానికి ముడి రాయిని ముందే వాళ్ళకి చూపించి ఉండాలి. అలాంటి రాయి ఈ షాపులో ఒక్కటీ లేదన్నారు.

నాకెందుకింత పట్టింపంటే, మాది పత్తికొండ వైపు. తొలకరి పడగానే జొన్నగిరి చేలల్లో జనం వజ్రాలు వెతుకుతారు, మా మేనమామ కూడా రెండేళ్ళు వెళ్ళాడు. ఎవరికైనా దొరికితే వ్యాపారి గుట్టుగా నగదు ఇచ్చి తీసుకుపోతాడు, రశీదు ఉండదు, ఆ తర్వాత అది ఎటు పోయిందో దొరికినవాడికే తెలియదు. సియెర్రా లియోన్‌లో 1991 నుంచి 2002 దాకా సాగిన యుద్ధంలో తిరుగుబాటుదారులు ఇలాంటి రాళ్ళనే లైబీరియా మీదుగా దాటించి ఆయుధాలు కొన్నారు. 2003లో కింబర్లీ పద్ధతి వచ్చింది అందుకే. అయితే అది ఆపేది తిరుగుబాటు దళాలకు డబ్బు చేరే రాళ్ళనే. 2008లో జింబాబ్వేలోని మరాంగేలో వజ్రాలు తవ్వుకునేవాళ్ళ మీద ప్రభుత్వ సైన్యమే కాల్పులు జరిపింది, 2011లో అక్కడి రాళ్ళ ఎగుమతికి మళ్ళీ అనుమతి దొరికింది. ఇదంతా చదివి ఉన్నాను కాబట్టి మేనేజరు అన్న ఆ కింబర్లీ మాట విని ఊరుకోలేకపోయా.

బిల్లు మీద దేశం పేరు రాయమంటే కుదరదన్నారు. చెల్లే ఆ రాయి వద్దంది, ఉత్త బంగారు ఉంగరం చేయించుకుంటోంది. 5కి 3 ఇస్తున్నా, ఆ మూడూ పనితనానికి, మర్యాదకి. గని పేరుతో సహా కాగితాలున్న రాళ్ళు వస్తే ఫోన్ చేయమని నంబరు ఇచ్చి వచ్చాం.