దేరాలో ఐదు రాత్రులు, రెండో టెర్మినల్‌లో రెండు గంటలు

దుబాయ్‌లో ఎక్కడ దిగాలి అని ఎవరైనా అడిగితే నేను దేరా అనే చెబుతాను. క్రీక్ అని పిలిచే ఉప్పునీటి పాయకు ఒక గట్టున దేరా, అవతలి గట్టున బర్ దుబాయ్ ఉన్నాయి. రెండూ నగరంలోని పాత పేటలే. మావారూ నేనూ జనవరిలో ఐదు రాత్రులు దేరాలోని ఒక మామూలు హోటల్లో ఉన్నాం. గది ఇరుకే కానీ శుభ్రంగా ఉంది. కిందికి దిగితే నాలుగడుగుల్లో మలయాళీల టీ కొట్టు. ఒక్క విషయంలో నొచ్చుకున్నాను. గది అద్దె కాక రాత్రికి ఇంత అని పర్యాటక రుసుము ఉంటుందని బుక్ చేసినప్పుడు ఎవరూ చెప్పలేదు, గదిలో దిగేటప్పుడు విడిగా కట్టించుకున్నారు. అది ప్రభుత్వం విధించే రుసుమే. హోటల్ స్థాయిని బట్టి గదికి రాత్రికి 7 నుంచి 20 దిర్హాముల వరకు ఉంటుంది. ముందే లెక్కలో వేసుకోండి.

పాయ దాటించే అబ్రా అనే చెక్క పడవకు ఒక్క దిర్హామ్. 828 మీటర్ల బుర్జ్ ఖలీఫా కూడా ఎక్కాం, 124వ అంతస్తు నుంచి ఊరంతా చూశాం. మళ్లీ వెళితే మాత్రం ఆ డబ్బు మిగుల్చుకుని రోజూ సాయంత్రం పడవలోనే తిరుగుతాను. మెట్రో చాలా బాగుంది. ఆడవాళ్లకూ పిల్లలకూ వేరే పెట్టె ఉంది. రైల్లో తినకూడదు, తాగకూడదు, పట్టుబడితే 100 దిర్హాముల జరిమానా. అబుదాబీకి అల్ గుబైబా స్టేషన్ నుంచి బస్సులో 25 దిర్హాములతో వెళ్లిపోవచ్చు. షేక్ జాయెద్ మసీదుకు టికెట్ లేదు, ముందుగా ఆన్‌లైన్‌లో పేరు నమోదు చేసుకుంటే చాలు. ఆడవాళ్లు తల కప్పుకోవాలి కాబట్టి నేను వెడల్పాటి చున్నీ ఒకటి తీసుకెళ్లాను. ఆ చున్నీ సంగతి మళ్లీ వస్తుంది.

తిరుగు విమానం రెండో టెర్మినల్ నుంచి. మెట్రో ఒకటో, మూడో టెర్మినళ్లకే వెళుతుంది, రెండో దానికి టాక్సీ తప్పదు. అర్ధరాత్రి దాటాక చేరాం. హైదరాబాద్ విమానం వరుసలో మా ముందు ముప్పై ఏళ్ల కుర్రవాడు నిలబడి ఉన్నాడు. తాళ్లు కట్టిన అట్టపెట్టె ఒకటి, సూట్‌కేసు ఒకటి. తూకం వేశారు. ముప్పై కిలోలు ఉండాల్సింది ముప్పై నాలుగుంది. అదనపు బరువుకు వాళ్లు అడిగిన మొత్తం అతని వారం రోజుల జీతం. కౌంటర్‌లోని అమ్మాయి ఇంగ్లిష్‌లో గబగబా చెప్పేసి పక్కకు జరగమంది. తప్పు పట్టను, వెనక వరుస పొడవుగా ఉంది. కానీ పక్కకు జరిగిన మనిషి ఏం చేయాలో చెప్పేవారు అక్కడ ఎవరూ లేరు.

మేం తెలుగులో మాట్లాడుకోవడం ఆ కుర్రవాడు విన్నట్టున్నాడు. దగ్గరికి వచ్చి, "అమ్మా, మీ సామాను తక్కువగా ఉంది. నా సంచి ఒకటి మీ పేరు మీద వేయించండి. హైదరాబాద్‌లో తీసేసుకుంటాను" అన్నాడు. జగిత్యాల దగ్గర పల్లెట. భవన నిర్మాణంలో నాలుగేళ్లు చేసి మొదటిసారి ఇంటికి వెళుతున్నాడు.

నేను సరే అనబోయాను. మావారు నా చెయ్యి పట్టుకున్నారు. ఆయన అన్నది న్యాయం. ముక్కూ మొహమూ తెలియని వారి సంచి మన పేరు మీద ఎక్కితే, అందులో ఏం దొరికినా జవాబు మనమే చెప్పాలి. గల్ఫ్ నుంచి వచ్చేటప్పుడు బంగారం, పోయేటప్పుడు మాత్రలూ పొట్లాలూ ఇలాగే చేతులు మారతాయి. మన వంటింటి గసగసాలు కూడా ఆ దేశంలో నిషిద్ధమే, ఎవరో ఇచ్చిన పొట్లంలో అవి ఉన్నా జైలు దాకా వెళ్లవచ్చు. అందుకే ఈ మాట గట్టిగా చెబుతున్నాను: ఎంత జాలి కలిగినా పరాయివారి సామాను మీ పేరు మీద వేయించకండి.

"సంచి తీసుకోలేం బాబూ. కానీ నీతో కూర్చుంటాం, పెట్టె విప్పు" అన్నాను. అతని మొహం చిన్నబోయింది. అయినా విప్పాడు.

నేల మీద ముగ్గురం కూర్చున్నాం. పాలపొడి డబ్బాలు, సబ్బులు, తలనొప్పి తైలం సీసాలు, ఇస్త్రీ పెట్టె, కూతురికి బొమ్మ, అన్నింటికీ అడుగున బరువైన గల్ఫ్ దుప్పటి. ఏది తీసినా అది ఎవరి కోసమో చెబుతున్నాడు. దుప్పటి తల్లికి. దాన్ని తీయనివ్వలేదు, మేమూ అడగలేదు. పాత చెప్పులూ పని బూట్లూ వదిలేశాడు. చేతిసంచిలో రెండు కిలోల ఖాళీ ఉంటే బట్టలు అందులోకి మార్చాం. రెండు చొక్కాలు ఒకదాని మీద ఒకటి తొడుక్కుని పైన జాకెట్ వేసుకున్నాడు. తెగిపోయిన తాళ్లు మళ్లీ పనికిరాలేదు. నేల తుడుస్తున్న నేపాలీ కుర్రవాడు ఇదంతా చూసి ఎక్కడి నుంచో టేపు చుట్ట తెచ్చి ఇచ్చాడు. పని బూట్లు తీసుకుంటావా అని మనవాడు సైగ చేస్తే వాటిని కాలి పక్కన పెట్టి కొలుచుకుని, సరిపోతాయని నవ్వాడు. టేపు మీద నమ్మకం చాలక నా చున్నీ తీసి పెట్టె చుట్టూ ముడివేశాను.

మళ్లీ తూచితే ఒక కిలో ఎక్కువ. దానికి మా దగ్గర మిగిలిన దిర్హాములు సరిపోయాయి. అతను వద్దంటూనే ఉన్నాడు. మావారే కట్టేశారు.

విమానం పిలిచేదాకా పక్కనే కూర్చుని కబుర్లు చెప్పాడు. జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 వరకు మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడు దాకా ఎండలో పని చేయించకూడదని అక్కడి నిబంధన. ఆ రెండున్నర గంటలూ కట్టే భవనం నీడలో పడుకునేవాళ్లమని చెప్పాడు. 124వ అంతస్తు అద్దాల వెనక నుంచి నేను చూసిన ఊరు, అతను చెప్పే ఊరు ఒకటే అని నమ్మడానికి నాకు కొంతసేపు పట్టింది. అతనికి జీతం సరిగానే అందింది, పాస్‌పోర్టు చేతిలోనే ఉంది. అందరికీ అలా ఉండదు. జీతాలు అందని, యజమానులు పాస్‌పోర్టు లాక్కున్న కార్మికులు మీకు కనిపిస్తే దుబాయ్ భారత కాన్సులేట్ నడిపే ప్రవాసీ భారతీయ సహాయ కేంద్రం నంబరు చెప్పండి: 80046342. అక్కడి నుంచి ఉచితంగా మాట్లాడవచ్చు. ఆ రాత్రి నాకు ఈ నంబరు తెలియదు. వచ్చాక వెతికి రాసుకున్నాను.

శంషాబాద్‌లో మా పెట్టెల కన్నా ముందు నా చున్నీ కట్టిన అట్టపెట్టె వచ్చింది. విప్పబోతుంటే ఉంచుకోమన్నాను. అతని ఫోన్‌లో ఇక్కడి సిమ్ లేదు. నా ఫోన్ నుంచి ఇంటికి మాట్లాడాడు. "దిగినాను" అని ఒక్క మాట అన్నాడు, తర్వాత అవతలి వాళ్లే మాట్లాడారు, అతను వింటూ నిలబడ్డాడు. జూబ్లీ బస్ స్టేషన్‌కు వెళ్లే పుష్పక్ బస్సు ఎక్కడ ఆగుతుందో మావారు వెంట వెళ్లి చూపించారు. జగిత్యాల బస్సు అక్కడి నుంచే. రెండు చొక్కాలూ జాకెట్టూ ఇంకా ఒంటి మీదే ఉన్నాయి. బస్సెక్కాక పెట్టెను ఒళ్లో పెట్టుకున్నాడు.