హిందీలో బాగోగులు: అడగడమా, జాగ్రత్త చెప్పడమా?

ఒంట్లో బాగాలేని మనిషిని హిందీలో పలకరించడానికి రెండు దారులు. ఒకటి, 'ఆప్‌కీ తబీయత్ కైసీ హై?' (మీ ఆరోగ్యం ఎలా ఉంది?) అని అడగడం. తబీయత్ స్త్రీలింగం కాబట్టి కైసా కాదు, కైసీ. అంతే. కాకపోతే జవాబు గబగబా వస్తుంది, అర్థం కాకపోతే టెన్షనే.

రెండోది, 'అప్నా ఖయాల్ రఖియే' (మిమ్మల్ని మీరు జాగ్రత్తగా చూసుకోండి) అని జాగ్రత్త చెప్పడం. ఇక్కడ చిక్కులు ఎక్కువ. తెలుగు అలవాటులో 'ఆప్‌కా ఖయాల్' అని నోరు జారుతుంది. ఆప్‌కా అంటే 'మీ'. కానీ జాగ్రత్త పడేదీ, ఆ జాగ్రత్త ఎవరి గురించో ఆ మనిషీ ఒకరే కాబట్టి అప్నా ('తన సొంత') అనాలి. పెద్దలతో రఖియే, స్నేహితులతో రఖో. దగ్గరివాళ్ల దగ్గర సెలవు తీసుకునేటప్పుడు రఖ్‌నా అంటే ఇంకా మెత్తగా ఉంటుంది. పైగా, ఏమీ అడక్కుండా ముందే ఇది అనేస్తే మాట తుంచేసినట్టే.

కొత్తవాళ్లు అడగడంతోనే మొదలుపెట్టాలంటాను. జవాబులో 'పహలే సే బెహతర్' వినిపిస్తే, మునుపటికంటే నయమన్నమాట.