రొయ్యల సదస్సు కోసం బీచ్ రిసార్ట్‌కి: ఏది బాగుంది, ఏది బాలేదు

విశాఖపట్నంలో రుషికొండ దాటి భీమిలి వెళ్లే బీచ్ రోడ్డులో ఒక రిసార్ట్‌లో రొయ్యల పరిశ్రమ సదస్సు పెడితే భీమవరం వైపు నుంచి నేనూ మా బావా వెళ్లొచ్చాం. ఇలాంటి వాటికి వెళ్దామా వద్దా అని ఆలోచించే రైతులకి పనికొస్తుందని రాస్తున్నా. సదస్సులో సరుకు ఉంది, కానీ ఆ చోటు మాత్రం రైతుని దృష్టిలో పెట్టుకుని చూసింది కాదు.

రాత్రి బస్సెక్కి తెల్లారేసరికి ద్వారకా బస్ స్టేషన్‌లో దిగాం. అక్కడి నుంచి భీమిలి సిటీ బస్సు దొరుకుతుంది, మెయిన్ రోడ్డు మీద దిగి లోపలికి నడవాలి. పొద్దున్నే ఆటోవాళ్లు బాగా ఎక్కువ చెప్తారు, బేరమాడాల్సిందే. ఎయిర్‌పోర్టుకి కార్లు పంపిన నిర్వాహకులు బస్టాండుకి ఒక్క వ్యాన్ కూడా పెట్టలేదు. గోదావరి జిల్లాల నుంచీ నెల్లూరు నుంచీ బస్సుల్లో వచ్చిన వాళ్లంతా బ్యాగులు మోసుకుంటూ నడుస్తుంటే నాకు నిజంగా బాధేసింది.

గది ఇద్దరికి కలిపి ఇచ్చారు. బాల్కనీలోంచి సముద్రం కనిపిస్తుంది, దుప్పట్లు శుభ్రంగా ఉన్నాయి, వేడినీళ్లు అడగ్గానే వచ్చాయి. గోడలకి చెమ్మ వాసన ఉంది, ఫోన్ సిగ్నల్ సరిగా రాదు. చెరువు మీద మనిషిని పెట్టి వచ్చినవాడికి ఏరేటర్ (నీళ్లలోకి గాలి కలిపే యంత్రం) ఆగిందో కరెంటు పోయిందో తెలియకపోతే ఎంత టెన్షనో చెప్పక్కర్లేదు కదా. రిసెప్షన్‌లో అమ్మాయి మాత్రం అడిగిన వెంటనే వైఫై కలిపి, మా బావ ఫోన్‌లో కూడా తనే సెట్ చేసిచ్చింది. సిబ్బంది మర్యాదకి వంక పెట్టలేం.

హాలు దగ్గరే పెద్ద లోటు. ఏసీ మరీ చల్లగా ఉంది, వెనక వరసల్లోకి మైకు సరిగా వినపడలేదు, స్లైడ్లన్నీ ఇంగ్లిష్‌లోనే. 2025 ఆగస్టు 27న అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతం చేశాక ధరలు ఏమవుతాయన్నదే అప్పట్లో అందరి గుండెల్లో ఉన్న ప్రశ్న. దాని మీద ఎగుమతిదారులు బాగానే మాట్లాడారు, యూరప్, జపాన్, చైనా మార్కెట్ల గురించి చెప్పారు. కానీ రైతు లేచి వంద కౌంట్‌కి (కిలోకి వంద తూగే రొయ్యలకి) రేపు ఎంత ఇస్తారని అడిగేసరికి టైమైపోయిందని మైకు తీసేసుకున్నారు. అది చాలా తప్పు.

అసలు లాభం బయట వరండాలోని స్టాళ్ల దగ్గర జరిగింది. ఒక ల్యాబ్ కుర్రాడు తెల్లరెట్ట (జబ్బు చేసి తెల్లటి మలం) వేస్తున్న రొయ్య తెచ్చి, తల చిప్ప ఎత్తి, కాలేయం లాంటి ఆ గోధుమరంగు ముద్దలోంచి చిటికెడు తీసి గాజుపలక మీద నొక్కి మైక్రోస్కోప్ కింద పెట్టాడు. కన్ను పెట్టి చూస్తే సన్నటి పారదర్శకమైన పురుగుల్లాంటివి గుంపుగా ఉన్నాయి. మేమంతా వాటిని పురుగులే అనుకుని మందులు కొట్టేవాళ్లం. అవి పురుగులు కావట, ఆ అవయవంలోని కణాల అంచులే ఊడి మెలికలు తిరిగి అలా కనిపిస్తాయట. మా వైపు చెరువుల్లో రొయ్యని ఎదగనివ్వకుండా చేస్తున్న ఈహెచ్‌పీ అనే సూక్ష్మ పరాన్నజీవికి మందు లేదని, సీడ్ (రొయ్య పిల్లలు) వేసేముందే పీసీఆర్ అనే ల్యాబ్ పరీక్ష చేయించుకోవాలని, పట్టుబడి అయ్యాక చెరువు ఎండగట్టి, దున్ని, హెక్టారుకి 6 టన్నుల కాల్చిన సున్నం చల్లి తడిపితే మట్టి పీహెచ్ 12కి చేరి దాని బీజాలు చస్తాయని ఓపిగ్గా తెలుగులో చెప్పాడు. ఆ అరగంట కోసమైనా వెళ్లాల్సిందే అంటాను. 2009లో వనామీ రకం రొయ్య మన దేశానికి వచ్చినప్పుడు ఇలా కూర్చోబెట్టి చెప్పేవాళ్లుంటే ఎన్ని చెరువులు నిలబడేవో.

భోజనం బావుంది. గోంగూర, పులిహోర, రొయ్యల వేపుడు, అన్నీ రుచిగానే ఉన్నాయి. వేపుడు మాత్రం ఒకే కౌంటర్లో పెట్టారు, చివర్లో వచ్చిన వాళ్లకి అందలేదు.

సాయంత్రం సెషన్ ముగిశాక టైముంటే తొట్లకొండ ఎక్కండి, అదే రోడ్డు మీద ఉంది. పాత బౌద్ధ ఆరామాల పునాదులు, రాతిలో తొలిచిన నీళ్ల తొట్లు, కింద సముద్రం. చీకటి పడకముందే మూసేస్తారు కాబట్టి త్వరగా వెళ్లాలి.

కుటుంబంతో రెండు రోజులుండటానికి ఆ రిసార్ట్ మంచిదే. సదస్సుకి మాత్రం రైతులు దిగే బస్టాండుకి దగ్గర్లో, కాకినాడలోనో భీమవరంలోనో ఏదైనా కల్యాణ మండపం చాలు, ఆ డబ్బులో ఇంకో నాలుగు మైక్రోస్కోపులు పెట్టొచ్చు. అదే మాట ఫీడ్‌బ్యాక్ ఫారంలో రాసిచ్చి వచ్చాం. ఎవరైనా మళ్లీ అక్కడికే వెళ్తే, గది ప్యాకేజీ తీసుకోకుండా సిటీలో కాంప్లెక్స్ (అదే ద్వారకా బస్ స్టేషన్) దగ్గర లాడ్జిలో దిగి పొద్దున్నే భీమిలి బస్సెక్కండి. ఖర్చు తగ్గుతుంది, సిగ్నల్ కూడా బాగా వస్తుంది.