కోళ్లు పెరిగాయి, గూడు చాలట్లేదు: పాతది పెంచడమా, కాళ్ల మీద కొత్తది కట్టడమా?

మా ఇంటి వెనక ఇటుక గూడు ఉంది, 5 అడుగులు బై 4, ఎనిమిది పెట్టల కోసం కట్టించింది. ఇప్పుడు అందులో 21 పెట్టలు 5 పుంజులు, అవి కాక నెల కూడా నిండని పిల్లలు 11. పొద్దున్నే తలుపు తీస్తే వచ్చే ఘాటుకి కళ్లల్లో నీళ్లు తిరుగుతున్నాయి, రాత్రంతా అందులోనే పడుకునే వాటి సంగతి చెప్పక్కర్లేదు. మొన్న ఒక ఎర్ర పెట్ట బయటికి రాకుండా మూలనే కూర్చుండిపోయింది, ఎత్తి చూస్తే తోక మొదట్లో ఈక అన్నది లేదు, చర్మం పచ్చిగా కనపడుతోంది, మిగతావి పొడిచి పీకేశాయి. వేపనూనెలో పసుపు కలిపి రాసి దాన్ని గంప కింద వేరుగా పెట్టాం. ఆ రోజే ఇంక ఆగకూడదు అనుకున్నా.

ముందు లెక్క చూసుకోండి. రాత్రి పడుకోడానికి మాత్రమే ఐతే కోడికి ఒక చదరపు అడుగు సరిపోద్ది, పగలు కూడా మూసే ఉంచితే రెండుకి తగ్గకూడదు. మాది 20 అడుగులు, కోళ్లు 26, అంటే రాత్రికి కూడా చాలదు.

పాత గూడు గోడ కొట్టి పక్కకి ఇంకో 5 అడుగులు లాగితే 40 అడుగులొస్తాయి, చోటు వరకు ఓకే. కానీ గాలి ఆడదు, ఎండాకాలం ఇటుక రాత్రికి కూడా చల్లబడదు, ఆ ఇటుకల సందుల్లో గోమార్లు దూరి పగలు దాక్కుని రాత్రి కోళ్ల రక్తం తాగుతాయి, సున్నం ఎన్నిసార్లు కొట్టినా మళ్లీ వస్తాయి. కింద ఊక పోస్తాం కదా, వానల్లో అది తడిసి గడ్డకట్టి ఘాటు ఇంకా పెరుగుద్ది.

రెండోది నేల నుంచి రెండున్నర అడుగుల ఎత్తులో సరుగుడు బాదుల మీద కట్టే గూడు, 6 బై 4. కింద బద్దలు అంగుళం సందుతో వేస్తే రెట్ట కిందకి పడిపోద్ది, కోడి కాలు దాని మీద పడదు. నేల చూస్తే 24 అడుగులే, కానీ అసలు ఉపయోగం దండేలది, అంటే కోళ్లు రాత్రి ఎక్కి కూర్చునే బొంగులది. కోడికి దండెం మీద 8 అంగుళాలు చాలు, 6 అడుగుల బొంగులు మూడు అడుగు ఎడంగా కడితే 18 అడుగులు, అంటే 27 కోళ్లు పడతాయి. మూడూ ఒకే ఎత్తులో ఉండాలి, ఒకటి పైన ఉంటే అన్నీ దానికోసమే కొట్టుకుంటాయి. చుట్టూ అర అంగుళం కంతల వెల్డ్ మెష్ (అతికించిన గట్టి ఇనుప జాలీ) వేయండి, మామూలు కోళ్ల జాలీ కుక్క లాగితే చిరిగిపోద్ది, పెద్ద కంతలుంటే ముంగిస, పాము దూరతాయి. బాదుల కాళ్లు మట్టిలో పాతొద్దు, చెదలు పడతాయి, సిమెంట్ దిమ్మల మీద నిలబెట్టండి.

పక్కింటి అత్తయ్య చూసి "ఒరేయ్, పుంజులు అమ్మేస్తే సరిపోద్ది కదా, ఇంత ఖర్చెందుకు" అంది. సగం నిజమే, పది పెట్టలకి ఒక పుంజు చాలు, మాకు రెండు ఎక్కువ తక్కువగా సరిపోతాయి, మిగతా మూడూ సంక్రాంతి ముందు అమ్మేస్తా, అప్పుడే రేటు బాగుంటది. కానీ పుంజులు పోయినా 23 ఉంటాయి, 20 అడుగుల గూట్లో కుక్కినట్టే.

టెర్రస్ మీద పెట్టమన్న వాళ్లూ ఉన్నారు, మే నెల ఎండలో ఆ స్లాబ్ మీద కోడి బతకదు, అది అక్కడితో వదిలేశా.

నా ఓటు ఎత్తు గూడుకే, కానీ పగలు తిరగడానికి దొడ్డి కూడా ఉంటేనే. కోడికి 10 అడుగుల చొప్పున మాకు 13 బై 20 అడుగుల జాగా, చుట్టూ వల కట్టి పైన కూడా కప్పాలి, లేకపోతే గద్ద పిల్లల్ని ఎత్తుకుపోద్ది. రొయ్యల చెరువుల మీద కట్టి పక్కన పడేసిన పాత వలలు దీనికి బాగా పనికొస్తాయి. దొడ్డిని రెండు భాగాలు చేసి ఒకటి తిరగనిచ్చి ఇంకోటి ఆరబెట్టండి, ఒకే చోట తడి నేల మీద తిరిగితే పిల్లలకి రక్త విరేచనాలు పట్టుకుంటాయి.

పాత గూడు కూలగొట్టట్లేదు. సందులన్నీ సిమెంట్‌తో పూడ్చి, పొదిగే పెట్టనీ ఆ 11 పిల్లల్నీ అందులో ఉంచుతున్నాం, ఎర్ర పెట్ట కూడా ఈకలు వచ్చేదాకా అక్కడే.