మట్టిబాటల్లో ఆర్ఎక్స్ 100: ఫుల్ ఇంజిన్ పని చేయించినా ఎందుకు సతాయించింది

ముందే చెప్పేస్తా, బండి బంగారం, దానికి చేసిన ఇంజిన్ పనే చెత్త. ఎండాకాలం, వానాకాలం రెండూ తిప్పాకే ఈ మాట అంటున్నా.

బండి యమహా ఆర్ఎక్స్ 100. మన దేశంలో 1985 నుంచి 1996 దాకా తయారైన బండే, 98 సీసీ, బోరు 50, స్ట్రోకు 50 మిల్లీమీటర్లు, 11 హార్స్‌పవర్. నేను తీసుకునేటప్పటికే ఎవరో దాన్ని మట్టి బండిగా మార్చేశారు. ముందు మడ్‌గార్డు పైకెత్తి, గుబ్బల టైర్లు వేసి, వెనక పెద్ద స్ప్రాకెట్ బిగించి, ఆయిల్ పంపు తీసేశారు, అందుకని ట్యాంకులోనే టూటీ ఆయిల్ (టూ-స్ట్రోక్ ఇంజిన్ ఆయిల్) కలిపి పోయాలి. అనంతపురం చుట్టుపక్కల చేన్ల గట్లు, పెన్న ఇసుక, రామగిరి గాలిమరల దగ్గరి మట్టిబాటలు, ఇవే దాని తిరుగుడు. రీబోర్ (సిలిండర్‌ను మళ్లీ తొలిచి నునుపు చేయడం) చేశామని, పిస్టన్, కాన్‌రాడ్ (పిస్టన్‌ని క్రాంక్‌కి కలిపే కడ్డీ) కిట్, బేరింగులు అన్నీ కొత్తవేనని చెప్పి అమ్మారు. కొత్తవే, అబద్ధం కాదు.

చల్లగా ఉన్నప్పుడు మొదటి కిక్కుకే లేస్తుంది. వేడెక్కాకే తమాషా మొదలు. థ్రాటిల్ వదిలేసినా రేసింగ్ (ఇంజిన్ వేగం) దిగదు, ఒక్కోసారి దానంతట అదే పెరుగుతుంది, సగం థ్రాటిల్‌లో మిస్సింగ్ కొడుతుంది (మధ్యమధ్యలో మండకుండా తడబడుతుంది), ఎత్తు ఎక్కేటప్పుడు ఎవరో వెనక నుంచి పట్టుకుని లాగినట్టు పికప్ చచ్చిపోతుంది, స్పార్క్ ప్లగ్ విప్పితే సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంటుంది. చూపించిన ప్రతిచోటా ఒకటే మాట, "ఏం ల్యాదన్నా, కార్బొరేటర్ కడిగి సెట్టింగ్ చేస్తే సరిపోతాది." కడిగారు, జెట్లు (పెట్రోల్ వచ్చే సన్న రంధ్రాల ముక్కలు) మార్చారు, స్లో స్క్రూ అటూ ఇటూ తిప్పారు, చివరికి కార్బొరేటరే కొత్తది వేయమన్నారు. నన్నడిగితే మన ఊళ్లలో టూ-స్ట్రోక్ బండ్లకు జరిగే అన్యాయంలో సగం ఈ కార్బొరేటర్ పిచ్చి వల్లే.

ఖర్చు లేని పరీక్ష ఒకటుంది. వేడి మీద మిస్సింగ్ కొడుతున్నప్పుడు చోక్ కొంచెం లాగి చూడండి. చోక్ లాగితే పెట్రోల్ వాటా పెరుగుతుంది కాబట్టి, బండి తేరుకుంటే లోపల పెట్రోల్ చాలట్లేదు, లేదా గాలి ఎక్కువవుతోంది. ఇంకా మొరాయిస్తే పెట్రోలే ఎక్కువవుతోంది. నా బండి చోక్ లాగగానే తేరుకుంది. జెట్లు శుభ్రం, ఫ్లోట్ సరిగ్గానే ఉంది, ట్యాప్ నుంచి ధార బాగానే వస్తోంది. అంటే కార్బొరేటర్ దాటాక ఎక్కడో దొంగగాలి పీలుస్తోంది.

టూ-స్ట్రోక్‌లో పిస్టన్ కింద క్రాంక్ (పిస్టన్ కదలికను తిరుగుడుగా మార్చే ఇరుసు) ఉండే గది కూడా పంపులా పనిచేస్తుందని చాలామంది మర్చిపోతారు. పిస్టన్ పైకి పోయేటప్పుడు కింద పీల్పు పుట్టి రీడ్ వాల్వ్ (ఒకవైపే తెరుచుకునే రేకు తలుపు) గుండా గాలీ పెట్రోలూ లోపలికి వస్తాయి, కిందికి దిగేటప్పుడు అదే మిశ్రమం పక్క దారుల్లో పైకి తోసుకుపోతుంది. ఆ గదికి రెండు పక్కలా ఉండే ఆయిల్ సీళ్లు గాలిని ఆపాలి. కుడిపక్క, క్లచ్ వైపు సీల్ పోతే గేరాయిల్ లోపలికి పోయి తెల్లపొగ కమ్ముతుంది, గేరాయిల్ తగ్గిపోతూ ఉంటుంది, ప్లగ్ తడిసిపోతుంది, కాబట్టి దాన్ని కనిపెట్టడం తేలిక. ఎడమపక్క మ్యాగ్నెట్ (కరెంటు పుట్టించే అయస్కాంత చక్రం) వెనక సీల్ పోతే పొగ రాదు, చుక్క కారదు, వట్టి గాలి పీలుస్తుంది. ఇంజిన్ కాలిపోతూ ఉంటుంది, చివరికి ఏ నడి ఎండలోనో పిస్టన్ పట్టేస్తుంది.

దీన్ని తేల్చడానికి మా ఇంట్లో మూలన పడున్న చేతిపంపు బీపీ మిషన్ వాడాను. నవ్వకండి, దాని ముల్లు 300 దగ్గరుంటే దాదాపు 6 పీఎస్ఐ, సరిగ్గా ఈ పరీక్షకు కావాల్సినంత. పాత ప్లగ్‌లో పింగాణీ తీసేసి గొట్టం అతికించాం. సైలెన్సర్ దారిని, కార్బొరేటర్ తీసేసిన దారిని సైకిల్ ట్యూబు ముక్క, రేకు పెట్టి మూసేసి, పిస్టన్‌ను పూర్తిగా కిందికి దించి, ప్లగ్ గొట్టానికి బీపీ మిషన్ పైపు తగిలించి గాలి కొట్టాం. బాగున్న ఇంజిన్ అయితే ముల్లు చాలాసేపు పెద్దగా కదలకుండా నిలబడాలి. నాది చూస్తుండగానే జారిపోయింది. మ్యాగ్నెట్ విప్పి సబ్బునీళ్లు పోస్తే సీల్ అంచున బుడగలు. దాంతో వాదన అయిపోయింది.

సీల్ కొత్తదే మరి. క్రాంక్ ఎక్కించేటప్పుడు కీ గాడి అంచు తగిలి దాని పెదవి చీలింది, గ్రీజు కూడా రాయలేదు. పైగా కాన్‌రాడ్ కిట్ వేసినప్పుడు లేత్ దగ్గర క్రాంక్‌ను ట్రూ చేయలేదు, అంటే వంకర లేకుండా సరిచేయలేదు. వంకరగా తిరిగే క్రాంక్ మంచి సీల్‌ని కూడా తినేస్తుంది, స్పార్క్ టైమింగ్ చూసే పాయింట్ల గ్యాపు కూడా నిలవనివ్వదు. క్రాంక్ బయటికి తీసి ట్రూ చేయించి, మంచి సీళ్లు వేశాక రేసింగ్ దిగింది. ప్లగ్ ఇటుక రంగులోకి వచ్చింది.

తర్వాత చిల్లర గొడవలు వచ్చాయి. వేడెక్కితే ఆగిపోయి, చల్లారాక మళ్లీ లేచేది, అది ఆ పాయింట్లకు తోడుండే కండెన్సర్ తప్పు. ఇంకోసారి కొంత దూరం పోయి ఊపిరాడనట్టు ఆగిపోయేది, ట్యాంకు మూత తెరిస్తే మళ్లీ బతికేది, చూస్తే మూతలో గాలి రంధ్రం ఎర్రదుమ్ముతో మూసుకుపోయింది. సైలెన్సర్ గొట్టంలో మసి పేరుకున్నా పికప్ పోతుంది, కాబట్టి అప్పుడప్పుడు విప్పి కాల్చి గీకాలి. మన నేలకి స్పాంజి ఫిల్టర్‌ను ఆయిల్ తడిపి వాడటం తప్పనిసరి, పొడి ఫిల్టర్‌తో తిప్పితే కొత్త రింగులు ఎంతో కాలం నిలవవు.

ఆయిల్ సంగతి కూడా చెప్పాలి. లీటరుకి 30 మిల్లీలీటర్లు పోస్తున్నా. ఇంకాస్త పోస్తే ఇంజిన్‌కి మంచిదని కొందరు సలహా ఇస్తారు గానీ, అదే జెట్‌లోంచి ఆయిల్ ఎక్కువ పోతే పెట్రోల్ ఆ మేరకు తగ్గుతుంది. ఇప్పుడు బంకుల్లో వచ్చే 20 శాతం ఇథనాల్ పెట్రోల్‌తో మిశ్రమం ఇంకొంచెం పలచనవుతుంది, అందుకే మెయిన్ జెట్ ఒక సైజు పెంచాను. బండి వారాల తరబడి నిలబెడితే కార్బొరేటర్ ఖాళీ చేయండి, లేకపోతే ఆ పెట్రోల్ తేమ లాక్కుని లోపల ఆకుపచ్చ పొర కడుతుంది. ఆయిల్ పంపు లేని బండి కాబట్టి కొండ దిగేటప్పుడు థ్రాటిల్ పూర్తిగా మూసేసి ఇంజిన్ మీద దించకండి, మిశ్రమం రాకపోతే ఆయిల్ కూడా రాదు. క్లచ్ పట్టి మధ్యమధ్యలో ఒక రేస్ ఇవ్వండి.

ఇప్పుడు ఇంజిన్ గురించి కంప్లైంట్ లేదు. బరువు వంద కిలోల పైచిలుకే, ఇసుకలో కూరుకుపోయినా ఒక్కడే లాగొచ్చు, ఆ శబ్దం సంగతి వేరే చెప్పక్కర్లేదు. ముందు ఫోర్కులు మాత్రం రోడ్డు కోసం చేసినవి, గుంతలో పడితే అడుగంటా దిగి టక్కుమంటాయి. డ్రమ్ బ్రేకుల్లోకి ఇసుక పోతే కీచుమంటూ పట్టు తప్పుతాయి. గెంతులు వేయాలనుకునే కుర్రాళ్లకి ఈ బండి వద్దు. చేలగట్ల మీద నిదానంగా తిప్పుకుంటానంటే తీసుకోండి, కాకపోతే డబ్బు చేతిలో పెట్టేముందు వేడి ఇంజిన్ మీద థ్రాటిల్ వదిలి రేసింగ్ దిగుతుందో లేదో చూడండి. అమ్మేవాడు చల్లటి ఇంజినే చూపిస్తాడు.