శిబ్‌పూర్ బొటానికల్ గార్డెన్: మర్రిచెట్టు దగ్గరే ఆగిపోకండి

కలకత్తా వెళ్లిన మనవాళ్లలో చాలామంది హుగ్లీ నదికి అవతల, హౌరా వైపున్న శిబ్‌పూర్ బొటానికల్ గార్డెన్‌లో పెద్ద మర్రి దగ్గర ఫొటోలు దిగి వచ్చేస్తారు. అదే ఆవరణలో సెంట్రల్ నేషనల్ హెర్బేరియం ఉంది. దాదాపు 20 లక్షల ఎండు మొక్కల నమూనాలు దాచిన చోటు. తోట టికెట్‌తో అందులోకి వెళ్లలేం. బోటనీ చెప్పే మా వదిన కాలేజీ తరఫున ముందే ఉత్తరం రాసి అనుమతి తెప్పించింది కాబట్టి చూడగలిగాం.

వరసగా బీరువాలు, వాటి నిండా ఫోల్డర్లు. అక్కడి ఉద్యోగి ఓపిగ్గా పని మొత్తం చూపించారు. మొక్కను పాత పేపర్ల మధ్య పెట్టి నొక్కుతారు. చెమ్మ పోయేదాకా పేపర్లు మారుస్తూనే ఉంటారు. పురుగు పట్టకుండా మందు పట్టించి, 42×28 సెంటీమీటర్ల దళసరి షీటుకు అంటిస్తారు. లావు కాడలైతే జిగురు ఆగదు, సూదీ దారంతో కుట్టేస్తారు. రాలిన గింజల్ని కూడా పారెయ్యరు, చిన్న కాగితపు పొట్లంలో వేసి షీటు మీదే అతికిస్తారు. మూలన లేబుల్ మీద ఎవరు, ఎక్కడ, ఎప్పుడు సేకరించారో ఉంటుంది.

మనకి ఇక్కడ ఇంకో చుట్టరికం ఉంది. ఈ తోట 1787లో మొదలైంది. 1793లో దీని బాధ్యత తీసుకున్న వృక్షశాస్త్రవేత్త విలియం రాక్స్‌బర్గ్ అంతకుముందు మన సామర్లకోటలో ఉండి, గోదావరి ప్రాంతపు మొక్కల్ని తెలుగు పేర్లతో సహా రాసుకున్నాడు. సోమిద చెట్టు శాస్త్రీయ నామంలో ఆ తెలుగు పేరు ఈరోజుకీ ఉంది. ఆయన గీయించిన 2,500కు పైగా రంగుల బొమ్మలు ఈ హెర్బేరియంలోనే ఉన్నాయి. గీసింది మన దేశపు చిత్రకారులు. వాళ్లలో చాలామంది పేర్లు ఎక్కడా నమోదు కాలేదు. నాకు బాగా బాధ కలిగించిన విషయం అదే.

మర్రిని కూడా తీరిగ్గా చూడండి. తెగులు సోకిన తల్లి మానును 1925లోనే తీసేశారు, చెట్టంతా ఊడల మీదే బతుకుతోంది. లేత ఊడల్ని వెదురు బొంగుల్లోంచి నేలకు దించుతారు. చుట్టూ వేసిన 330 మీటర్ల రోడ్డును కూడా దాటి పాకింది.

కోరమాండల్ ఎక్స్‌ప్రెస్‌లో వస్తే షాలిమార్‌లో దిగండి, తోట అక్కడికి దగ్గరే. మేం హౌరా స్టేషన్ పక్కన ఒక లాడ్జిలో దిగాం. రాత్రంతా హారన్ల మోత, నిద్ర లేదు. అద్దె కాస్త ఎక్కువైనా కలకత్తా వైపు ఉండి, రెండో హుగ్లీ వంతెన మీదుగా రావడమే మేలు. తోట 270 ఎకరాల పైమాటే, పెద్దవాళ్లుంటే బ్యాటరీ బండి ఎక్కించండి. సోమవారం సెలవు. హెర్బేరియం ఆఫీసు వేళల్లోనే కాబట్టి పొద్దున్నే అటు వెళ్లి, మర్రిని సాయంత్రానికి పెట్టుకోండి.