8 జీబీ ర్యామ్‌లో బ్లెండర్: చాలాకాలం వాడాక

నా చిన్న ల్యాప్‌టాప్‌లో ఉన్నది 8 జీబీ ర్యామ్. అది మదర్‌బోర్డుకే అతికించి ఉంది కాబట్టి పెంచుకునే వీలు లేదు. అందులోనూ కొంత గ్రాఫిక్స్ వాటాగా పోతుంది. అయినా లినక్స్ మీద, 3డీ బొమ్మలు తయారుచేసే బ్లెండర్ సాఫ్ట్‌వేర్‌తో చాలాకాలంగా పని నడుస్తోంది.

ర్యామ్ చాలనప్పుడు అందరూ మొదట చెప్పేది జెడ్‌ర్యామ్. ర్యామ్‌లోనే కొంత చోటును స్వాప్‌గా, అంటే ప్రస్తుతం వాడని డేటాను పక్కన పెట్టే చోటుగా వాడుతూ, అక్కడికి చేరిన డేటాను కుదించి దాచే ఏర్పాటు ఇది. లినక్స్‌లో ఒక రకమైన ఫెడోరాలో, 2020లో వచ్చిన 33వ వెర్షన్ నుంచి ఇది ముందే అమర్చి వస్తోంది. తెరిచి మరచిపోయిన బ్రౌజర్ ట్యాబ్‌ల వంటి వాటికి ఇది బాగా పనిచేస్తుంది. రెండర్ (సన్నివేశాన్ని తుది చిత్రంగా మార్చే పని) నడుస్తున్నప్పుడు మాత్రం పదేపదే అవసరమయ్యే డేటాను కుదించడం, విప్పడంతోనే ప్రాసెసర్ అలసిపోతుంది. ఎస్ఎస్‌డీ మీద ఒక స్వాప్ ఫైలు కూడా తక్కువ ప్రాధాన్యంతో ఉంచాను. అది వేగం కోసం కాదు. మెమరీ పూర్తిగా నిండితే లినక్స్ గుండెకాయ అయిన కెర్నల్ ఏదో ఒక ప్రోగ్రామ్‌ను బలవంతంగా మూసేస్తుంది. ఆ వేటు సాధారణంగా అన్నిటికంటే ఎక్కువ మింగుతున్న బ్లెండర్ మీదే పడుతుంది, అదీ సేవ్ చేయక ముందే!

అసలు తేడా తెచ్చినవి టెక్స్చర్లు, అంటే 3డీ వస్తువుల పైన అతికించే బొమ్మలు. డిస్కు మీద కొద్ది ఎంబీలే కనిపించే జేపెగ్ బొమ్మ మెమరీలో విప్పుకుంటుంది. 4096×4096 బొమ్మకు పిక్సెల్‌కు 4 బైట్ల లెక్కన 64 ఎంబీ కావాలి, 8192×8192 అయితే 256 ఎంబీ. గది మూలలో అరచేయంత కూడా కనిపించని కుర్చీకి రంగు మ్యాపు, ఉపరితలంపై ఎత్తుపల్లాలున్నట్టు చూపే నార్మల్ మ్యాపు రెండూ 8192 కొలతలో ఉంటే అర జీబీ హరించుకుపోయినట్టే. ఉచితంగా దొరికే మోడళ్లలో ఈ దుబారా మరీ ఎక్కువ. బ్లెండర్ సెట్టింగుల్లోని సింప్లిఫై విభాగంలో టెక్స్చర్ పరిమితిని 2048కి దించితే అదే కుర్చీకి 32 ఎంబీ చాలు. దగ్గరగా చూపించే వస్తువులున్న సన్నివేశంలో మాత్రం ఈ పరిమితి ఎత్తేసి, దూరపు బొమ్మలను విడిగా చిన్నవి చేసుకుంటాను.

చెట్లు, కుర్చీల వంటివి పదుల సంఖ్యలో కావాలంటే షిఫ్ట్, డి మీటలు నొక్కను; అలా చేస్తే ప్రతి నకలుకూ వేరే మెష్ (వస్తువు ఆకారపు డేటా) తయారవుతుంది. ఆల్ట్, డి నొక్కితే అన్ని నకళ్లూ ఒకే మెష్‌ను పంచుకుంటాయి. తుది రెండర్‌ను బ్లెండర్ కిటికీ తెరవకుండా, ఆ కిటికీ తినే మెమరీ మిగిలేలా, ఆదేశాలు టైపు చేసే టెర్మినల్ నుంచే నడుపుతాను.

పొగ, నీళ్ల సిమ్యులేషన్ల జోలికి పోను. వాటిలో చోటును చిన్న గడులుగా విడగొట్టి లెక్కిస్తారు; రిజల్యూషన్ రెట్టింపు చేస్తే పొడవు, వెడల్పు, ఎత్తు మూడింటా పెరిగి గడుల సంఖ్య 8 రెట్లవుతుంది. ఆ బరువును జెడ్‌ర్యామ్ కూడా మోయలేదు.